వ్యానుకి లైనింగు

“లోపల రెండంగుళాలు వదిలారా! ఎందుకండీ?”

“వదలాలి. ఏది కుట్టినా వదలాలి. తర్వాత ఎప్పుడైనా బిగుతైతే విప్పుకోవడానికి ఉంటుంది.”

“జాకెట్టుకైతే సరే. ఇది వ్యాను. వ్యాను లావెక్కుతుందా?”

“ముప్పైనాలుగేళ్ళ నుంచి కుడుతున్నాను, నాకు చెప్పకు. టేపు ఇటివ్వు.”

“మీ మెడలోనే ఉంది.”

“ఆ... ఉంది. సుద్దముక్క?”

“చెవి మీద.”

“సరే, అది కాదు, అసలు పని చూడు. ఇది పాత రొట్టెల వ్యానంటే ఎవరైనా నమ్ముతారా? ఇనపరేకు మీద వెండిరంగు కాయితం, దాని మీద అంగుళన్నర ఫోము, దాని మీద కటింగు ముక్కల బొంత, ఆపైన నీలం లైనింగు. బయట నిప్పులు కురిసినా లోపల చల్లగా ఉంటుంది.”

“కిటికీ తెరకి కాజాలు కూడా కుట్టారే.”

“కాజాలు, బొత్తాలు. అన్నీ పెట్టేస్తే బయట పగలో రాత్రో తెలియదు. చూస్తావా? ఇదిగో, పెట్టేశాను. లైటు వెయ్యి.”

“వేశాను. అయిపోయినట్టేనా ఇక?”

“అయిపోయినట్టే. వెనక చక్రం దగ్గర, చంకలో కాస్త పట్టేసింది.”

“వ్యానుకి చంకేమిటండీ?”

“చక్రం పైన ఉబ్బెత్తుగా ఉందే, అదే. అక్కడ కుట్టు విప్పి మళ్ళీ వెయ్యాలి. తర్వాత కప్పు అంచు చుట్టూ పైపింగు. ఆ తర్వాత...”

“ఇవాళ బయలుదేరుతున్నామన్నారు.”

“అన్నాను. కాదనట్లేదు. రేపు పొద్దున్నే.”

“నిన్నా రేపే అన్నారు.”

“నిన్న అన్న రేపు వేరు.”

“చూడండి, రేపు రండి, ఎల్లుండి రండి అని తిప్పుకోడానికి నేను మీ కస్టమర్ని కాదు. పదకొండు నెలలుగా ఈ వ్యాను కొట్టు ముందు నుంచి అంగుళం కదల్లేదు. పెళ్ళయిన నెలలోనే సముద్రం చూపిస్తానన్నారు. మా చెల్లెలు మూడుసార్లు వెళ్ళొచ్చింది. మూడుసార్లూ నాకు గవ్వలు తెచ్చిచ్చింది. ఇంకోసారి తెచ్చిందంటే ఆ గవ్వలు దాని మీదే విసిరేస్తాను.”

“పాపం దాన్నెందుకు అంటావ్? ఈ ఒక్క కుట్టూ వెయ్యనీ. నువ్వు దిగి ఆ వెనక తలుపులు మూసెయ్యి, గాలికి ఫోము తురుమంతా కళ్ళల్లో పడుతోంది.”

“మూస్తున్నా. నేను ముందు సీట్లో కూర్చుంటాను. మధ్యలో ఉన్న తెర మాత్రం తియ్యకండి, ఆ తురుమంతా నా నెత్తిన పడుతుంది.”

“ఇంటి తలుపేశావా?”

“తాళం కూడా వేశాను.”

“పావుగంట కూర్చోడానికి తాళమెందుకు?”

“మీ పావుగంట సంగతి నాకు తెలీదూ?”

“సరే సరే... ఏమోయ్! ఆ చప్పుడేమిటి?”

“ఇంజనండీ. వాడకపోతే బిగుసుకుపోతుంది, రోజూ కాసేపు ఆన్ చేసి ఉంచమన్నాడుగా మెకానిక్కు.”

“చూశావా! అంత పెద్ద ఇంజను మోగుతున్నా లోపలికి దోమ పాడినట్టే ఉంది. అదీ నా బొంత గొప్పతనం.”

“అవునవును. మీ పని మీరు చూసుకోండి.”

“సూదిలోకి దారం ఎక్కట్లేదు. ఊగుతోంది.”

“ఏది, మీ చెయ్యా?”

“చెయ్యి కాదు, వ్యాను.”

“ఇంజను ఆన్‌లో ఉంటే ఊగదా?”

“ఊగుతుందిలే... ఇదేమిటి, దారం రీలు ఆ చివరికి దొర్లిపోయింది!”

“నేల సమంగా వెయ్యలేదేమో మీరు.”

“ఏమిటీ! నేను వేసిన నేలా? నాలుగు మూలలా మట్టం పెట్టి చూసి మరీ వేశాను. గోలీ పెడితే ఉన్నచోటే ఉంటుంది.”

“మరి రీలు ఉండలేదుగా.”

“అది... రీలు మరీ నునుపుగా ఉందిలే. ఎవరిదా హారను? అదే పనిగా కొడుతున్నాడు!”

“వీధన్నాక హారన్లుండవా? కొట్టుకోనివ్వండి, తొందరైతే పక్కనుంచి పోతాడు.”

“అటు తిరిగి మాట్లాడుతున్నావేం? సరిగ్గా వినపడట్లేదు. కాస్త ఇటు తిరుగు.”

“ఇప్పుడు తిరగలేనండీ.”

“మెడ పట్టేసిందా?”

“అలాంటిదే. ఏమండీ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్తారా?”

“నేనెప్పుడు అబద్ధం చెప్పాను?”

“ఈ పని అయిపోయి రెండు నెలలైంది. ఆ పైపింగు మూడుసార్లు విప్పారు, మూడుసార్లు కుట్టారు. నాకు కళ్ళు లేవనుకున్నారా? ఏమిటి మీ ఇబ్బంది?”

“ఇబ్బందా? ఇబ్బందేముంది? ఏ ఇబ్బందీ లేదు.”

“కొట్టు మూసి రావాలంటే దిగులా?”

“కొట్టుకేం, ఎక్కడికీ పోదు.”

“పోనీ, నాతో రావడం ఇష్టం లేదా?”

“ఛ ఛ, అవేం మాటలు! సరే, విను. నవ్వకూడదు.”

“నవ్వను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“నాకు లైసెన్సు రాలేదే. నాలుగుసార్లు పరీక్షకెళ్ళాను, నాలుగుసార్లూ తప్పాను. ఊళ్ళో అందరి కొలతలూ తీసినవాణ్ణి, నాలుగు కర్రల మధ్యకి బండిని వెనక్కి పోనివ్వలేకపోయాను. ఒకసారైతే కర్ర విరిగింది కూడా. ఏ మొహం పెట్టుకుని నీకు చెప్పను? సిగ్గేసింది. వచ్చేదాకా పని సాగదీద్దాం అనుకున్నాను, సాగదీశాను. నాలుగోసారి ఆ ఇన్‌స్పెక్టరు ఏమన్నాడో తెలుసా?”

“‘రేపు రండి’ అన్నాడు.”

“నీకెలా తెలుసు?”

“ఆయన ప్యాంటు గుడ్డ రెండేళ్ళు మన కొట్లో పడుందిగా. ఎన్నిసార్లొచ్చినా మీరు అదే మాట అన్నారట. ఆ మాట తిరిగి మీకు అప్పజెప్పేదాకా తనకి నిద్రపట్టలేదన్నాడు.”

“ఆయన నీకెక్కడ కనిపించాడు?”

“పరీక్షలో.”

“ఏం పరీక్ష?”

“మోకాళ్ళ నొప్పులకి కసరత్తని పొద్దున్నే వెళ్ళేదాన్ని కదా.”

“అవును, నేనే వెళ్ళమన్నాను.”

“క్లచ్చి తొక్కితే మోకాళ్ళు బాగా ఆడుతున్నాయండీ.”

“నువ్వు... అంటే నువ్వు... పాసయ్యావా?”

“మొదటిసారే.”

“ఆ ప్యాంటిచ్చి మంచి చేసుకుని ఉంటావు!”

“ఇవ్వడానికి అది మీరు కుట్టి ఉంటేగా? లైసెన్సు చేతికొచ్చాక నేనే కుట్టిచ్చాను. బాగా కుదిరిందన్నాడు.”

“నా మిషను మీదా?”

“మీ మిషను మీదే. మీరు ఇక్కడ చంకలు విప్పుతుంటే.”

“ముక్కు ఎగబీలుస్తున్నావు... నవ్వుతున్నావా?”

“లేదండీ, ఏడుపొస్తోంది. పదకొండు నెలలు కూర్చుని నా కోసం గోడలకి కూడా బట్టలు కుట్టారు. ‘నాకు బండి నడపడం రాలేదే’ అని ఒక్క మాట అనలేకపోయారు.”

“ఏడవకు. ఏడవకే. తప్పైపోయింది. చెప్పేశాక నాకూ గుండెల మీంచి బరువు దిగినట్టుంది. ఇకనేం, డ్రైవరు ఇంట్లోనే ఉంది! నువ్వే నడుపుదువుగాని, నేను పక్కన కూర్చుంటాను. రేపు పొద్దున్నే. ఒట్టు, ఈసారి రేపంటే రేపే. ఇవాళ్టికి ఈ చంక ఒక్కటీ...”

“ముందు ఆ కిటికీ బొత్తాలు విప్పి బయటికి చూడండి. మన కొట్టు కనిపిస్తే, రేపే వెళ్దాం.”