తడి నేల

కరెంటు షాక్ కొట్టి పోయిన ఎలక్ట్రీషియన్ భార్య వంటింట్లో స్విచ్‌బోర్డు పక్కన నిలబడి, అతనికి పని నేర్పిన మేస్త్రిని అడిగింది.

"ఇదే వైరు ఆయనకి ఇంతకుముందూ తగిలింది అన్నయ్యా. చురుక్కుమందంతే. మొన్న వోల్టేజీ ఎక్కువొచ్చిందా?"

"లేదమ్మా. వోల్టేజీ అంటే తోసే బలం, అది ఎప్పుడూ అంతే. ఒంట్లోంచి ఎంత కరెంటు పారుతుందనేది అడ్డుని బట్టి ఉంటుంది. పొడి నేల, కాళ్ళకి చెప్పులు ఉంటే కొంచెమే పారుతుంది."

"తడి నేలైతే?"

"ఇక అడ్డేముంది తల్లీ, ప్రాణం తీసేంత పారుతుంది."

ఆమె కాళ్ళ కింది నేలకేసి చూసింది.

"అప్పుడే ఇల్లు తుడిచాను. చెప్పులు బయట విప్పి రమ్మన్నాను."

తను చెప్పిందంతా వెనక్కి తీసుకోవాలనిపించింది మేస్త్రికి.

"మెయిన్ ఆపకపోవడం వాడి తప్పమ్మా."

"ఆపబోయారు. ఫ్యాను ఆగితే పాప లేస్తుందని నేనే వద్దన్నాను."