కిటికీలో బుట్ట

మేడ మీద ఇల్లు. కిటికీ పక్కన మంచం మీద భార్య, కిటికీ చట్రానికి గిలక బిగిస్తూ భర్త.

"ఇంకాస్త ఎడమకి జరపండి. తాడు గోడకి రాసుకుంటోంది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు బాగుంది. ఇంతకీ ఏంటండీ ఇది? గిలకా, తాడూ, బుట్టా... ఇంట్లో బావి తవ్వుతున్నారా?"

"బావీ లేదు, గొయ్యీ లేదు. చూడు, బుట్ట ఇలా కిందికి వదుల్తావు. పాలబ్బాయి అందులో ప్యాకెట్లు వేస్తాడు. కూరగాయల బండావిడతో కూడా మాట్లాడేశాను. నువ్వు మంచం దిగక్కర్లేదు. కూర్చున్నచోటి నించి తాడు లాగితే వచ్చేస్తుంది."

"అయితే ఇక తలుపుతో కూడా పని లేదన్నమాట."

"తలుపు దాకా నువ్వెందుకు? అసలు ఆ గడపంటేనే నాకు భయం. కుర్చీ చక్రం తగిలి ముందుకి పడితే?"

"నిజమే. గడప దాకా వెళ్తే ఏమైనా జరగొచ్చు."

"వెటకారమా?"

"వెటకారం ఎందుకు? ఏదీ, లాగి చూపించండి."

"చూశావా? చంటిపిల్ల కూడా లాగొచ్చు. చప్పుడు కూడా లేదు, నూనె పెట్టాను."

"అక్కడ షాపులో కాలిపోయిన మోటార్లన్నీ వరసగా కూర్చుని మీ కోసం ఏడుస్తుంటాయి. మీరేమో ఇక్కడ నాకు బుట్టలు కడుతున్నారు."

"ఏడవనీ. వైండింగ్ పని ఎప్పుడూ ఉండేదే."

"కిందింటి అక్కయ్య నిన్న వచ్చి ఇల్లంతా తిరిగి చూసింది. మంచానికి మడతపెట్టే పలక, తల దగ్గర స్విచ్చుల బోర్డు, నా కుర్చీ ఎత్తుకి కాళ్ళు కోసిన స్టవ్ బల్ల, స్నానాలగదిలో గోడ పొడుగునా కడ్డీ... 'మా ఆయన్ని మేకు కొట్టమంటే సుత్తి లేదంటాడు, సుత్తి ఇస్తే గోడ లేదంటాడు. నువ్వు పెట్టి పుట్టావమ్మా' అంది."

"ఆవిడకేం, అలాగే అంటుంది."

"నేనూ అలాగే అన్నాను. నిన్న."

"ఇవాళేమైంది?"

"ఏమీ కాలేదు. డాక్టరు గారు ఏమన్నారో ఇంకోసారి చెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"మీ నోటితో వినాలనిపించింది."

"చెప్పాను కదా. ఎముక అతికింది గానీ లోపల కాస్త సందు ఉంది. కాలు నేల మీద మోపకూడదు. మోపితే మళ్ళీ మొదటికొస్తుంది."

"ఎన్నాళ్ళు?"

"మూడు నెలలు. ఆ తరవాత చూద్దామన్నాడు."

"ఆ ముక్క నాతో అనలేదే ఆయన."

"నువ్వు లోపల ఉన్నావు కదా. కట్టు కోసే రంపం చప్పుడికి కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నావు. నన్ను బయటికి పిలిచి చెప్పాడు."

"వ్యాయామం సంగతేమైనా అన్నాడా?"

"ఏం వ్యాయామం?"

"కాలు విరిగినవాళ్ళకి ఇంటికొచ్చి చేయిస్తారట కదా. ఊరికే అడిగాను."

"అది అందరికీ కాదు."

"ఎవరికి కాదు?"

"సందు ఉన్నవాళ్ళకి... ఉన్నవాళ్ళకి వద్దంటారు. మంచినీళ్ళు తాగుతావా?"

"సీసా నా చేతికందేట్టు పెట్టారుగా. దాహమేస్తే తాగుతాను. మీరు కూర్చోండి."

"ఈ తాడు చివర ముడి ఒకటి..."

"ముడి తరవాత వేద్దురుగాని. కూర్చోండి. ఇవాళ ఒకావిడ వచ్చింది."

"ఎవరు?"

"కిందింటి అక్కయ్య వాళ్ళ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కదా. ఆవిణ్ణి చూసి వెళ్తూ తలెత్తి నన్ను కిటికీలో చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది. 'అదేంటండీ, మీరు ఊళ్ళోనే ఉన్నారా?' అంది."

"ఎవరో అనుకుని ఉంటుంది."

"నేనూ అలాగే అనుకున్నాను. 'ఎక్కడికి పోతానమ్మా, కాలు విరిగినదాన్ని' అన్నాను. 'మీరు మీ అన్నయ్య గారింటికి వెళ్ళారని మీవారు చెప్పారే' అంది."

"పైకి వచ్చిందా?"

"కుర్చీలో జరుక్కుంటూ వెళ్ళి తలుపు తీశాను. ఆస్పత్రి నించి అట. నడక నేర్పించే అమ్మాయి. నన్ను అక్కడ చూసిందట. డాక్టరు గారు పంపిస్తే కట్టు విప్పిన వారమే వచ్చిందట. మీరు కింద మెట్ల దగ్గరే ఆపి, వేరే మనిషిని పెట్టుకున్నాం అన్నారట. మళ్ళీ వస్తే అన్నయ్య ఇల్లు అన్నారట. మూడోసారి వస్తే..."

"మూడోసారి రాలేదు."

"ఓహో. అయితే రెండుసార్లు నిజమే."

"నువ్వు... అలా మాటల్లో పెట్టి లాగకు."

"ఏళ్ళ తరబడి రైళ్ళలో టికెట్లు చూసేదాన్నండీ. టికెట్ లేనివాడు నేనడక్కుండానే ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు. ముందు నీళ్ళ సీసా వెతుకుతాడు."

"ఆ అమ్మాయి చిన్నపిల్ల. దానికేం తెలుసు?"

"చిన్నపిల్లే. నా కాలు ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆస్పత్రికి ఫోను చేసి డాక్టరు గారితో నన్నే మాట్లాడమంది. మాట్లాడాను."

"ఏమన్నాడు?"

"మీకు తెలీదా ఏమన్నాడో?"

"నువ్వే చెప్పు."

"'మీవారికి ఆ రోజే చెప్పానమ్మా, మర్నాటి నించే నడిపించమని' అన్నాడు. నేను నిలబడ్డానండీ."

"నిలబడ్డావా! పట్టుకోవడానికి ఎవరూ లేకుండానా? పడలేదు కదా? నొప్పి పుట్టిందా?"

"అదే వద్దు."

"ఏది?"

"ఆ గొంతు. ఆ ఆత్రం. అది వినే కదా నేను ఏమీ అడక్కుండా పడుకున్నది. ఆ అమ్మాయి భుజం పట్టుకుని నిలబడ్డాను. కాలు గడగడలాడింది. కన్నీళ్ళు వస్తే నొప్పనుకుని కూర్చోబెట్టింది పాపం. నా తొడ చూపించి, 'కండంతా కరిగిపోయింది, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నిజంగానే లేవలేకపోయేవారు' అంది. నిజంగానే అట. ఆ మాట విన్నారా?"

"అంత దూరం రానిచ్చేవాణ్ణి కాదు."

"ఎంత దూరం రానిచ్చేవారు? ఎక్కడ ఆపేవారు?"

"అనుకున్నాను... ప్రతి రోజూ అనుకున్నాను, ఇవాళ చెప్పేద్దామని."

"మరి?"

"నీకెలా చెప్పాలో తెలీలేదు. ముందు అబద్ధం చెప్పాలని కాదు. డాక్టరు బయటికి పిలిచి, 'ఇంకేం భయం లేదు, నెల తిరిగేసరికి మీ ఆవిడ రైలెక్కేస్తుంది' అన్నాడు, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. లోపలికొస్తే నువ్వు ఏమన్నాడు అని అడిగావు. నోట్లోంచి వచ్చేసింది."

"వచ్చేసింది. తుమ్ము వచ్చినట్టు."

"అవును."

"సరే. తుమ్మే అనుకుందాం. మరి ఈ పలక? ఈ బోర్డు? గోడకి కన్నాలు వేసి, కడ్డీ బిగించి, వీపు రాసుకుంటుందేమోనని చివర్లకి గుడ్డ చుట్టి... ఇదంతా కూడా తుమ్మేనా? ఒక్కో మేకు కొడుతున్నప్పుడు ఇది నడవగలదని తెలిసే కొట్టారు కదా మీరు."

"నీకు హాయిగా ఉండాలనే చేశాను. అది మాత్రం అబద్ధం కాదు."

"హాయిగానే ఉంది. అదే కదా నా ఏడుపు. పుట్టి బుద్ధెరిగాక ఇంత సుఖం ఎరగను. పెట్టెల్లో ఊగుతూ నిలబడి తిన్నాను, నిలబడి కునుకు తీశాను. ఇక్కడ చెయ్యి చాపితే లైటు, చెయ్యి చాపితే ఫ్యాను, చెయ్యి చాపితే మీరు. రోజూ పొద్దున లేస్తూనే ఈ మనిషికి నేను ఏమిచ్చి రుణం తీర్చుకోవాలి అనుకునేదాన్ని. సిగ్గుగా ఉంది నాకు. మీరు చేసినదానికి నేను సిగ్గుపడుతున్నాను, చూశారా!"

"మోసం చేద్దామని కాదే..."

"మరి ఏమంటారు దీన్ని? మీరు చెప్పండి, ఆ మాటే వాడతాను."

"అంటే... అది..."

"దొరకలేదు కదా. వెతకండి, తొందర లేదు. నేనెక్కడికీ పోలేను."

"నేనొకటి చెప్తాను, వింటావా?"

"వినడం తప్ప ఏం పనుంది నాకు?"

"నువ్వు బండెక్కితే మూడు రోజులు. దిగిన రోజంతా నిద్ర. లేస్తే బట్టలు ఉతుక్కుని మళ్ళీ బండి. షాపు కట్టేసి వస్తే ఇంటికి తాళం. తాళం నేనే తియ్యాలి, లైటు నేనే వెయ్యాలి. రేడియో గట్టిగా పెట్టుకుని తినేవాణ్ణి, ఎవరో ఉన్నారనుకోవడానికి. నువ్వు మంచాన పడ్డాక... ఛీ, ఎలా చెప్పాలో... వీధి మలుపు తిరిగేసరికి మన కిటికీలో లైటు కనపడేది. ఆ లైటు చూసి ఒక్కో రోజు అక్కడే కాసేపు నిలబడేవాణ్ణి. ఇంట్లో మనిషి ఉంది అనుకుంటూ. డాక్టరు రైలు అనగానే ఆ లైటు ఆరిపోయినట్టయింది. అంతే. ఇంకేం లేదు."

"ఈ మాట నాతో ఎప్పుడైనా అన్నారా?"

"అన్నాను. ఉద్యోగం మానెయ్ అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు."

"మానెయ్ అన్నారు. ఒంటరిగా ఉంది అనలేదు. రెండూ ఒకటేనా?"

"నాకు ఒకటే."

"నాకు కాదు. మానెయ్ అంటే నా కాళ్ళకి అడ్డం వేసినట్టు. ఒంటరిగా ఉంది అంటే... ఆ మాటకి నేను ఏం చేసేదాన్నో నీకెలా తెలుసు? నువ్వు అడిగి చూశావా?"

"నన్ను 'నువ్వు' అంటున్నావు."

"అవును. పెళ్ళైనప్పటి నించీ ఎప్పుడూ అనలేదు. వినడానికి బాగాలేదు కదూ? అనడానికీ బాగాలేదు. కానీ 'మీరు' అనడానికి నోరు రావడం లేదు."

"ఏమన్నా అను. తిట్టు. రేపే ఆస్పత్రికి వెళ్దాం. నేనే దగ్గరుండి నడిపిస్తాను. షాపు మూసేస్తాను. నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

"కాలు పట్టుకునే పని ఆ అమ్మాయి చూసుకుంటుంది. రేపటి నించి రోజూ వస్తానంది. నువ్వు మెట్ల దగ్గర లేకుండా ఉంటే చాలు."

"ఉండను. ఒట్టు. ఈ గిలకా తాడూ అన్నీ పీకేస్తాను, ఇప్పుడే."

"పీకితే గోడకి కన్నాలు మిగుల్తాయి. కూర్చో. నేను పడిన రోజు గుర్తుందా నీకు?"

"మర్చిపోతానా? భుజాన సంచితో మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ... చప్పుడు విని నేనే కదా పరిగెత్తాను."

"ఆ నొప్పిలో ఏమన్నానో గుర్తుందా?"

"ఏదో చెప్పబోయావు. మాట్లాడకు, కదలకు అన్నాను."

"ఎందుకు అంత పరుగున ఎక్కానో తరవాత ఎప్పుడైనా అడిగావా?"

"ఆకలేసి ఉంటుందనుకున్నాను."

"ఆ రోజు ఆఫీసులో మాట ఖాయం చేశారు. మన స్టేషన్లోనే, విచారణ కిటికీ దగ్గర కుర్చీ. పగటి పని. సాయంత్రానికి ఇల్లు. ఎవరూ నన్ను దింపలేదు, నేనే అడిగాను. ఎన్నేళ్ళ నించో అర్జీల మీద అర్జీలు పెట్టాను. వస్తుందో రాదోనని నీతో అనలేదు."

"రైలు... రైలు మానుకుంటానని నువ్వే...?"

"నువ్వు మానెయ్ అంటే కోపమొచ్చింది. కానీ నిన్ను చూస్తే నాకు కళ్ళు లేవా? బండి దిగి వచ్చిన ప్రతిసారీ రేడియో ఎంత గట్టిగా పెట్టి ఉందో నేనూ చూసేదాన్ని."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? మంచంలో ఉన్నప్పుడైనా చెప్పొచ్చుగా!"

"లేచి నడిచి, వెళ్ళి ఆ కుర్చీలో చేరి, సాయంత్రం నీకంటే ముందు ఇంటికొచ్చి లైటేసి చెబుదామనుకున్నాను. కట్టు విప్పే దాకా ఆగారు వాళ్ళు. ఆ తరవాత కూడా నెలాఖరు దాకా ఆగుతామన్నారు. నువ్వేమో మూడు నెలలన్నావు."

"అయ్యో..."

"నువ్వు షాపుకి వెళ్ళాక రోజూ ఫోన్లో బతిమాలాను. చక్రాల కుర్చీలోనైనా వస్తానన్నాను, 'డాక్టరు కదలొద్దన్నాడని చెప్పింది మీరే కదా' అన్నారు ఆఫీసువాళ్ళు. నీకు తెలిస్తే కుమిలిపోతావని, నువ్వొచ్చేసరికి మొహం కడుక్కుని కూర్చునేదాన్ని."

"నేను వెళ్తాను. పొద్దున్నే మీ ఆఫీసుకి వెళ్తాను. తప్పు నాదని చెప్తాను. ఆవిడ నడుస్తోంది, రేపో ఎల్లుండో చేరుతుందని..."

"మొన్న సోమవారం ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టారు. కాళ్ళొచ్చాక నాకిక మిగిలింది రైలే."