ఖాళీగా వదిలిన మూల

లీసెస్టర్‌లో ఆదివారం సాయంత్రం. పొద్దున క్రికెట్‌కి వెళ్తూ ఆయన తెల్లగా వదిలి వెళ్లిన గరాజు గోడ, తిరిగొచ్చేసరికి నీలం, పసుపు, గులాబి రంగుల్లో వెలిగిపోతోంది. పొరపాటున పక్కింటికొచ్చానేమో అనుకున్నాడు.

"ఏమే! ఎవరిదీ పని?"

"మా వార్డు నర్సు థోకో వేసిందండీ."

"ఆ పూసల గాజులావిడా?"

"ఆఁ. ఎన్డెబెలె తెగవాళ్లు. కొడుక్కి పెద్దవాడయ్యే వేడుక జరిగితే తల్లే ఇంటి గోడకి కొత్తగా రంగులు వెయ్యాలట."

"అయితే వాళ్లింటికి వేసుకోమను!"

"వాళ్లిల్లు సౌతాఫ్రికాలో ఉంది, కొడుకు వేడుకా అక్కడే. వెళ్దామంటే లీవు దొరకలేదు. ఇక్కడేమో అద్దె ఫ్లాటు, మేకు కొట్టినా ఓనరు ఊరుకోడు. అందుకని మన గోడ ఇచ్చా."

"పంచదార అప్పిచ్చినట్టు చెబుతున్నావే! నన్నడగొద్దూ?"

"అడిగితే వద్దంటారుగా."

ఆయన గోడ దగ్గరికెళ్లి చూశాడు. నల్ల గీతలు ఎక్కడా వంకర పోలేదు.

"స్కేలు పెట్టి గీసిందా?"

"నేను ముగ్గుకి స్కేలు పెడతానా?"

"సరే, బానే ఉందిలే. మరి ఆ పై మూల ఖాళీగా వదిలేసిందేం? రంగు చాల్లేదా?"

"నాకోసం వదిలింది."

"నీకెందుకు?"

"వచ్చే వారం మన పిల్ల మాంచెస్టర్ యూనివర్సిటీకి వెళ్లిపోతోందని చెప్పా. నువ్వూ తల్లివేగా, ముగ్గెయ్యి అంది."

ఆయన ఆ మూల ఎంత ఎత్తుందో ఓసారి చూశాడు. తర్వాత గరాజు తలుపు తీశాడు.

"ఎక్కడికండీ?"

"నిచ్చెన తెస్తా. అంతెత్తు నీకందదు."