ఖాళీ కడుపు

ఒడిశాలోని బరంపురంలో ఒక ఆసుపత్రి. ఆపరేషన్ గదుల బయట బల్ల మీద అప్పలనరసమ్మ, ఆమె ఇద్దరు కూతుళ్ళు. పెద్దది రామతులసి ఆ ఆసుపత్రిలోనే చదువుతోంది. చిన్నది చిన్నమ్మి, అక్కని ‘అప్పా’ అంటుంది.

“ఇడ్లీయా?”

“ఇడ్లీయే.”

“నర్సు కాగితంలో ఉప్మా అని రాసింది.”

“అయితే ఉప్మాయే. ఏదైతే ఏటి తులసీ? తిన్నాను. ఆపరేసను ఆపేసినారు. అయిపోనాది.”

“అమ్మా, తిన్నది ఏటో తిన్న మనిషికి తెలీదా?”

“ఆకలి మీద సూసుకోనేదు.”

“చిన్నమ్మీ, నువ్వు చెప్పు. పొద్దున్నించీ అమ్మ పక్కనే ఉన్నావు కదా. ఏటి తింది?”

“దాన్నడక్కు. అది నిద్రోయింది.”

“నిద్రపోయిందా? మరి నర్సు వచ్చి ‘ఖాయిఛన్తి కి’, తిన్నారా అని అడిగితే ఒడియాలో జవాబు చెప్పింది ఎవరు?”

“నేనే అప్పా.”

“ఏమని చెప్పావు?”

“తిన్నాదని.”

“సరే. మొదటిసారి అరటిపండు. రెండోసారి టీ, బిస్కట్టు. ఇప్పుడు ఇడ్లీయో ఉప్మాయో, అదీ తెలీదు. మూడుసార్లు ఆపరేషన్ బల్లదాకా ఎళ్ళి వెనక్కి రావడమే. మళ్ళీ తేదీ ఇవ్వాలంటే నెలన్నర. నీ కడుపులో రాళ్ళు నెలన్నర ఊరుకుంటాయా? నొప్పొస్తే దుప్పటి నోట్లో కుక్కుకుంటున్నావట.”

“ఎవులు సెప్పినారు?”

“చిన్నమ్మే. ఫోన్లో ఏడిచింది.”

“ఏడిసిందా? నాతో అననేదే.”

“మాట మార్చకు. ఎల్లుండి నేను క్లాసులో పాఠం చెప్పాలి. ఏ పాఠమో తెలుసా? ఆపరేషన్‌కి ముందు కడుపు ఖాళీగా ఎందుకుండాలి అని. ఇందాక మా మేడం అందరి ముందూ అంది, ‘ముందు మీ అమ్మకి చెప్పి రా, తరవాత మాకు చెబుదువు’ అని. అందరూ నవ్వారు.”

“ఎవులా మేడం? నానొచ్చి అడుగుతాను.”

“ఏ భాషలో అడుగుతావు? మంచినీళ్ళు అడగాలన్నా చిన్నమ్మి కావాలి నీకు.”

“నాది ఇచ్చాపురం. ఒడిసా గిరిసోల కోడలై ఇరవయ్యెనిమిదేళ్ళయినా నాలిక తిరగదు. ఏటి సేయమంటావు? అయినా నాకు తెలకడుగుతాను, నర్సు సదువు అయిపోనాక మళ్ళీ మత్తియ్యడానికి రెండేళ్ళ సదువేటే? మనూరి కల్లుపాక పైడయ్య ఒక్క పూటలో ఇచ్చెత్తాడు.”

“పైడయ్య ఇచ్చిన మత్తు దానంతటదే దిగుతుంది. మేమిచ్చినవాళ్ళని మేమే లేపాలి. ఊపిరి మేమే చూడాలి, నొప్పి మేమే చూడాలి. నవ్వకు. నాకు ఒళ్ళు మండిపోతోంది.”

“నవ్వనేదు.”

“నవ్వావు. అమ్మా, నాన్న ఎలా పోయాడో మర్చిపోయావా?”

“ఇప్పుడా మాటెందుకు?”

“ఇప్పుడే కావాలి. చిన్న హెర్నియా ఆపరేషన్. సాయంత్రానికి లేచి కూర్చోవాల్సిన మనిషి. కడుపులో అన్నం ఉంది. మత్తులో అది పైకొచ్చి ఊపిరిలో పడింది. డాక్టరు అడిగితే ఏమీ తినలేదన్నాడట. నేనీ చదువులోకి ఎందుకొచ్చాననుకున్నావు?”

“రైలు టేసన్లో ఏదో తినుంటాడు. మీ పెద్దమ్మ సెప్పింది కాదా, బజ్జీలని.”

“బజ్జీలు కాదు. అన్నం. ఆసుపత్రి కాగితంలో రాసుంది, నేను చూశాను. పొద్దున్న అయిదింటికి టేసన్లో అన్నం ఎవరమ్ముతారు? ఇంట్లోనే తిన్నాడు. ఎవరో పెట్టారు.”

“అప్పా, ఊరుకో.”

“నువ్వుండు చిన్నమ్మీ. ఆ పెట్టినవాళ్ళెవరో నాకు కనబడితే—”

“తులసీ! ఊరుకోమంతన్నాది కాదా పిల్ల. ఊరుకో.”

“నీ పెదాలేటి అలా ఎండిపోయాయి?”

“ఎండ.”

“వరండాలో ఎండేటి? వేలివ్వు, ఈ మిషన్లో రక్తంలో చక్కెర చూస్తాను.”

“ఒద్దు.”

“ఇవ్వమ్మా!”

“అబ్బా. సూదులు గుచ్చడానికే సదివినట్టున్నావు.”

“అరవై రెండు.”

“మంచిదా, సెడ్డదా?”

“ఇడ్లీ తిన్న మనిషికి ఇంత తక్కువ ఉండదు. నిన్న రాత్రి నుంచీ నువ్వు ఏటీ తినలేదు.”

“ఆ మిసను పాడయ్యుంటాది.”

“మిషను పాడవలేదు. తినకుండా తిన్నానంటున్నావా? ఎవరి కోసం? ఆపరేషన్ అంటే భయమైతే భయమని చెప్పు, చేతకాకపోతే మానేద్దాం. నన్ను ఇంతమందిలో తల దించుకునేలా చెయ్యడం దేనికి?”

“అవును, బయమే. రాసుకో. మీ అమ్మకి బయం.”

“నీకా? కలుపు తీస్తుంటే పాము కనబడితే తోక పట్టుకుని గట్టవతల పారేసిన దానివి.”

“పాము వేరు.”

“అప్పా.”

“ఏటి?”

“అమ్మ తిన్లేదు.”

“చిన్నమ్మీ, నోరు ముయ్యి.”

“మూడుసార్లూ తిన్లేదప్పా. మంచినీళ్ళు కూడా తాగలేదు. నర్సు అడిగితే నేనే తిన్నాదని సెప్పేసాను. అరటిపండు, బిస్కట్టు, అన్నీ నేనే అన్నాను.”

“నువ్వా? అమ్మా, నీకిది తెలుసా?”

“మొదటిసారి నన్ను తోసుకెళ్ళిన బండి ఎనక్కి తిప్పినాకే తెలిసింది. దాని మొకం సూసినాను. మరేటీ అననేదు. ఈసారికి సరిగ్గా సెప్తాదిలే అనుకున్నాను.”

“మూడుసార్లు అనుకున్నావా? నొప్పితో దుప్పట్లు కొరుక్కుంటూ అనుకున్నావా? చిన్నమ్మీ, నీకు పదిహేనేళ్ళు. ఫోన్ చేసి అమ్మకి నొప్పి, అమ్మకి నొప్పి అని ఏడ్చిన దానివి నువ్వే. ఆపరేషన్ ఆపింది కూడా నువ్వే! ఎందుకు? తల దించకు. ఎందుకు?”

“దాన్నొగ్గేయ్ తులసీ. నీకు తెలీదు.”

“తెలీకే అడుగుతున్నాను. నీకు తెలుసా?”

“ఆ వేళ నాను నూతి కాడినించి ఒచ్చేసరికి సద్ది కుండ ఖాళీ. ఎనిమిదేళ్ళయ్యింది. నానెప్పుడైనా దాన్నడిగేనా? నువ్వూ అడక్కు.”

“సద్ది కుండా?”

“నాన్నకి సద్దన్నం నేనే పెట్టానప్పా. ఊరెళ్ళేవాడు ఖాళీ కడుపుతో గడప దాటకూడదని నాన్నమ్మ అనీది కాదా? నాన్న మిరపకాయ నంజుకుని తిన్నాడు. మీ అమ్మతో సెప్పకు అన్నాడు.”

“నీకప్పుడు ఏడేళ్ళు.”

“ఆసుపత్రిలో నాన్న ఏటీ తిన్లేదన్నాడు. డాక్టరు నవ్వి నా వేపు తిరిగి, ‘మీ నాన్న నిజమే సెప్తన్నాడా?’ అనడిగాడు. తల ఊపాను.”

“చిన్నమ్మీ, ఇలా రా.”

“అమ్మ నిజంగానే ఏటీ తిన్లేదని నాకు తెలుసప్పా. ప్రతిసారీ ఒడియాలో ఆ మాట వల్లించుకునే వస్తాను. కానీ తిన్లేదని నేను సెప్తే నాన్నని తీసుకెళ్ళినట్టే లోపలికి తీసుకెళ్ళిపోతారు.”