మస్కట్ కెప్టెను, ఫసీఖ్ జాడీ

రేపు వసంతం పండగ. మా రషీద్ ఊళ్ళో ఆ రోజు ఇంట్లో కూర్చున్నవాణ్ణి మనిషి కింద జమకట్టరు. ఉప్పులో ఊరి ఘాటెక్కిన ఫసీఖ్ చేపలూ, ఉల్లికాడలూ, రంగులేసిన గుడ్లూ మూటగట్టుకుని నైలు మీదకి పోవాల్సిందే. మా వీధి వాళ్ళందరం దుసూకీ మావ పడవలో పోతాం. ఏటా చుక్కాని ఆయనదే. ఈసారి ఆయన కంటికి ఆపరేషనయ్యి, కట్టుతో తన కాఫీ కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. ఆయన పక్కన నిలబడి ఇన్నేళ్ళుగా తెరచాప తాళ్ళు లాగింది నేను. చుక్కాని నాకే ఇస్తాడని ఆశపడ్డాను. ఆశేమిటి, నాలుగు రోజులుగా నాకు తిండి సయించడం లేదు.

సరిగ్గా అప్పుడే మస్కట్ నుంచి మా అక్క మొగుడు బహ్గత్ దిగాడు. అక్కడేదో హోటల్లో సరుకుల గది చూసేవాడు. సాయంత్రం పూట నల్ల కళ్ళద్దాలూ, తెల్ల కెప్టెన్ టోపీ పెట్టుకుని అరుగెక్కి, టీ తాగుతున్న వీధి వాళ్ళందరి మధ్యలో మావ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరుగుని ఆనుకునే మా ఇల్లు. గడపలో అమ్మ కూర్చుని ఉల్లికాడలు బాగుచేస్తోంది.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు మావా," అని మొదలెట్టాడు బావ, టీలో చెంచా మీద చెంచా పంచదార పోసుకుంటూ. "మస్కట్‌లో శుక్రవారం శుక్రవారం పడవ షికారుకి పోయేవాళ్ళం, అంతే. నాతో కలిపి నాలుగు దేశాల వాళ్ళం. పడవ ఉవేది. ఉవే అంటే జర్మనీ వాడు. పడవైతే కొన్నాడు గానీ గాలి ఎటు కొడుతుందో తెలీదు పాపం. 'బహ్గత్, నువ్వు నైలు నీళ్ళు తాగి పెరిగినవాడివి, ఎటు పోదాం?' అంటాడు. నేను ఇలా వేలు తడిచేసి పైకెత్తి, 'అటు' అంటాను. అటే పోతాం. ఇందులో గొప్పేముంది?"

"ఏమీ లేదు," అన్నాన్నేను.

"ఏమీ లేదు బామ్మర్దీ, నేననేదీ అదే. ఆ పడవలో ఒక పద్ధతుంది. ఎవరి దేశం వంట వాళ్ళు తేవాలి. ఫిలిప్పీన్స్ పిల్ల లుజ్ సేమ్యాలాంటిదేదో తెస్తుంది. కాకినాడ అని ఇండియాలో ఒక ఊరుంది, అక్కణ్ణుంచొచ్చిన వీర్రాజు చింతపండన్నం తెస్తాడు, తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి. మరి నేనేం తేవాలి? ఈజిప్టు పరువంతా నా చేతుల్లో ఉంది. అప్పుడే అత్తమ్మ పంపిన ఫసీఖ్ జాడీ చేరింది."

అమ్మ చేతిలో కత్తి ఆగింది. మా వీధిలో అమ్మ చేతి ఫసీఖ్‌కి ఉన్న పేరు ఇంకెవరి చేతికీ లేదు. ఆ జాడీ పంపిన దగ్గర్నుంచీ ఆవిడకి ఒకటే ఆరాటం, పై దేశాల వాళ్ళు తిని ఏమన్నారోనని.

"తిన్నారా అల్లుడూ?"

"తినడమా! అసలు మూత తియ్యగానే ఏమైందో తెలుసా అత్తమ్మా? పడవంతా నిశ్శబ్దం. మాట్లాడుతున్నవాడు మాట మధ్యలోనే ఆగిపోయాడు. లుజ్ కళ్ళమ్మట నీళ్ళు. అంత కదిలిపోయింది పిచ్చిపిల్ల. ఉవే జేబులోంచి రుమాలు తీసి మొహానికి కట్టుకున్నాడు. గొప్ప వస్తువు ఎదురుపడితే వాళ్ళు అలాగే చేస్తారు, గౌరవం."

"జర్మనీలోనా?" అన్నాడు దుసూకీ మావ.

"జర్మనీలోనే మావా. వీర్రాజు ఒక్కడే దగ్గరికొచ్చి, జాడీలోకి వంగి చూసి, 'మా ఊరి ఎండుచేపలకి ఇది పెదనాన్న' అన్నాడు. పెదనాన్న! ఎంత పెద్దరికం ఇచ్చాడో చూడండి."

"ఇంతకీ తిన్నారా?" అంది అమ్మ.

"అక్కడికే వస్తున్నా అత్తమ్మా. వాళ్ళంతా పడవ మొన దగ్గరికి పోయి గుసగుసలాడుకున్నారు. అందరూ ఒక్క చోటే ఇరుక్కునేసరికి మొన నీళ్ళలోకి వంగిపోయింది కూడా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఉవే వచ్చి, కాస్త దూరంలోనే నిలబడి, 'బహ్గత్, నీలాంటివాడు మాలో ఒకడిగా కూర్చోకూడదు, నీకు వేరే పడవుండాలి' అన్నాడు. అనడమేంటి, పెద్ద పడవకి కట్టి ఉండే బుల్లి పడవని నీళ్ళలోకి దించారు. నన్నెక్కించారు. జాడీ నా ఒళ్ళో పెట్టారు. 'ఇవాళ్టి నుంచి ఆ పడవకి కెప్టెన్‌వి నువ్వే' అన్నారు. ఈ టోపీ ఆ రోజుదే."

"మరి పెద్ద పడవకీ నీ పడవకీ మధ్య ఏముంది?" అన్నాను.

"మోకు కట్టారు. నన్ను పోగొట్టుకుంటే వాళ్ళ గతేంటి? మొదట మామూలు మోకే కట్టారు. కాసేపటికి గాలి మళ్ళింది. అప్పుడు ఉవే ఇంకో తాడు తెచ్చి దానికి ముడేశాడు. ఇంకాసేపటికి లంగరు తాడు కూడా ఇప్పి ముడేశాడు. గంటగంటకీ నామీద నమ్మకం పెరిగిపోయింది మావా, నేను వద్దంటున్నా."

దుసూకీ మావ కంటి కట్టు సవరించుకుని ముందుకి జరిగాడు. ఆయనకి కథలంటే పిచ్చి. అది నాకు తెలుసు, బావకీ తెలుసు. ఇక చుక్కాని చేజారినట్టే అనుకున్నాను.

"అప్పుడొచ్చాయి పక్షులు! తెల్ల సముద్రపు పక్షులు, ఒకటా రెండా? సూర్యుడు కనిపించలేదు. మస్కట్ ఊరంతా సాయంత్రమైపోయిందనుకుని దీపాలు పెట్టేసుకున్నారు."

"మసీదులో అజాన్ కూడా ఇచ్చేశారా?"

"ఇవ్వబోయారు మావా. నేనే పడవలోంచి చెయ్యూపి ఆపాను. అన్నీ నా జాడీ మీదకే దిగుతున్నాయి. మరొకడైతే ఏడ్చేవాడు. నేనేం చేశాను? తాడు పురులు విప్పి, ఒక్కో పక్షి కాలికీ ఒక్కో ముడి, మన రషీద్ ముడి. జాడీ పైకెత్తాను. రెక్కలు కొట్టాయి. నా పడవ లేచింది. మోకు లేచింది. మోకుతోపాటు ఉవే పడవ లేచింది! గాల్లో మావా, గాల్లో! కింద ఆయిల్ ఓడలు అగ్గిపెట్టెల్లా కనబడుతున్నాయి. లుజ్ గిన్నెలో సేమ్యా ఒక్క పోగు ఒలకలేదంటే నమ్ముతారా?"

"సేమ్యా వరకు నమ్ముతాం," అన్నాన్నేను.

"నువ్వు ఊరు దాటనివాడివి, నీకేం తెలుస్తుంది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిందనుంచి ఒక తిమింగలం తల ఎత్తింది. మన మసీదంత ఉంటుంది, మినారుతో కలిపి. నోరు తెరిచింది. పక్షులు బెదిరి తాళ్ళు తెంపుకు పోయాయి. పడవలు రెండూ తిన్నగా దాని నోట్లోకి పడబోతున్నాయి. నేను కంగారుపడ్డానా? జాడీలోంచి ఒకే ఒక్క చేప తీసి విసిరాను. గుటుక్కున మింగింది. మింగి, నా వైపు ఒక్క చూపు చూసి, తుమ్మింది చూడండీ... ఆ తుమ్ముకి మేమెళ్ళి ఎక్కడ పడ్డామో తెలుసా? కాకినాడ రేవులో! వీర్రాజు దిగి, వాళ్ళమ్మకి దణ్ణం పెట్టి, ఖాళీ గిన్నె ఇచ్చి నిండు గిన్నె పట్టుకొచ్చాడు."

"మధ్యలో ఇండియా అంతా అడ్డం ఉండాలే?" అన్నాడు దుసూకీ మావ.

"ఉంది. దాని మీంచే పోయాం. పైన గోడలుండవు గదా మావా. తిరుగు గాలి నేను చూసుకున్నాను. సాయంత్రం టీకి మస్కట్‌లో ఉన్నాం. ఒడ్డున దిగి ఉవే నాకు సెల్యూట్ కొట్టి, 'బతికున్నంతకాలం నీ చేతుల్లో చుక్కాని ఉండాలి బహ్గత్' అన్నాడు. ఒక జర్మనీ వాడి మాట తీసెయ్యలేం. అందుకని రేపు నీ పడవ నేను నడుపుతాను. బామ్మర్ది తాళ్ళు లాగుతాడు, వాడికి అలవాటే."

దుసూకీ మావ గడ్డం గోక్కున్నాడు. "మహ్రూస్ తాళ్ళు బాగానే లాగుతాడనుకో," అన్నాడు నా వైపు చూడకుండా. "కానీ మరి... నాలుగు దేశాల వాళ్ళని నడిపినవాడు ఉండగా..."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా బావ మాటలు కోటలు దాటతాయని వీధి వీధంతటికీ తెలుసు. అయినా ఆయన నోరు తెరిస్తే అందరూ నోళ్ళు తెరుచుకుని వింటారు. నేను చెప్పుకోడానికి నా దగ్గర అరిచేతుల్లో కాయలు తప్ప ఏమున్నాయి?

అప్పుడు గడపలోంచి అమ్మ అంది, "తిన్నారా అనడిగాను అల్లుడూ."

"అత్తమ్మా, అదే చెప్తున్నా గదా, తిమింగలం..."

"పోనీలే. ఇంకో మాట చెప్పు. నీ బుల్లి పడవలో కూర్చుంటే ఆ ఉవే మొహం కనిపించిందా, వీపు కనిపించిందా?"

బావ టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగాడు.

"సముద్రంలో ముందూ వెనకా అని ఉండదత్తమ్మా..."

"మొహమా, వీపా?"

"వీపు," అన్నాడు బావ చిన్నగా. "అందరి వీపులూ."

 దుసూకీ మావ కంటి కట్టు పట్టుకుని, "కట్టు ఊడొస్తుందిరా బాబూ, నవ్వించకండిరా!" అని మొదలెట్టాడు. ఇక అరుగంతా పడీపడీ నవ్వింది. తాడుకి తాడు ముడేసిన ఉవే నమ్మకమేమిటో అందరికీ ఒకేసారి అర్థమైంది. నేనైతే కుర్చీలోంచి జారిపోయాను.

"మహ్రూస్," అన్నాడు మావ రెండో కన్ను తుడుచుకుంటూ, "రేపు పొద్దున్నే వచ్చి చుక్కాని కడిగి పెట్టుకో. నీదే."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ బావని చూస్తే వెయ్యలేకపోయాను. ఆయన కళ్ళద్దాలు తీసేసి, టోపీ మోకాలి మీద పెట్టుకుని, అమ్మ వైపే చూస్తున్నాడు.

"వాళ్ళు ముట్టుకోలేదత్తమ్మా," అన్నాడు. "జాడీ సముద్రంలో పారేస్తే మళ్ళీ పెద్ద పడవ ఎక్కనిస్తామన్నారు. పారెయ్యలేదు. ఎండలో ఒక్కణ్ణే కూర్చుని మొత్తం తిన్నాను."

నవ్వులు సద్దుమణిగాయి. అమ్మ లోపలికెళ్ళి, రేపటి జాడీ మూత తీసి, అన్నిట్లోకీ పెద్ద చేపని వేరే పళ్ళెంలో తెచ్చి చూపించింది. వాసన అరుగంతా కమ్ముకుంది. ఒక్కడైనా ముక్కు మూసుకోలేదు.

"రేపు ఇది నీకు. పెద్ద పడవలో, నా పక్కన కూర్చుని తిను అల్లుడూ."

బావ పళ్ళెం వంక చూసి, కళ్ళు తుడుచుకుని, టోపీ మళ్ళీ తలమీద పెట్టుకున్నాడు.

"నిజం చెప్తున్నా అత్తమ్మా, ఒక్క ముక్క వృథా పోనివ్వలేదు," అన్నాడు. "తిమింగలానికి పెట్టింది తప్ప."