ఒక్క లైను మీద అతికిచ్చిన చీటీ

"తాతా, అన్నేండ్లు విమానాల పుస్తకాలు చేసినావంట గదా. దాంట్లో యెప్పుడూ తప్పు రాయలేదా?"

యాల రాయలేదమ్మీ, రాసినా. కూచో, ఆ పీట లాక్కోని కూచో.

ముప్పై ఏండ్లు బెంగుళూర్లో అదే పని నాది. మొదట వారపత్రికకు విమానాల సంగతులు రాసేటోన్ని. తర్వాత పెద్ద పుస్తకానికి ఎడిటర్ని చేసినారు. యే విమానం రెక్క యెంత పొడుగు, యెంత బరువు మోస్తాది, యాడ పడింది, యాల పడింది, అన్నీ ఉంటాయి దాంట్లో. యాడాదికొకటి, ఇంగిలీషులో. ఇటికంత లావు. కాదులే, రెండిటికలంత. కంపెనీలకు జాబులు రాసి, ఒకటికి రెండు మాట్లు సరిచూసి ఎక్కిచ్చేటోన్ని. రెక్క పొడుగు అంగుళం తేడా వస్తే అన్నం దిగేది కాదు. అంత గీర ఉండె నాకు.

అప్పట్లో పత్తి చేన్లకు విమానంతో మందు కొట్టేటోళ్లు, తెల్సా నీకు? ఇప్పుడు డ్రోన్లంటాండారే, అట్ల. చెట్ల మీదనే పోయేది. మాయమ్మ ఆరేసిన గుడ్డలు లోపలికి తెచ్చుకునేది, మందు పడ్తాదని. ఏం చెప్తాంటి? ఆఁ, అట్లాంటిదొకటి బండి ఆత్మకూరు కాడ చేన్లో పడె. నడిపే పిల్లోడు ఆడికాడికే పాయె. ఆళ్లగడ్డోడు. వాళ్లమ్మ ఆడ మిషను స్కూల్లో టీచరమ్మ. మొగుడు ముందే పోయినాడు, ఒక్కడే కొడుకు.

నేనేం జేసినా? మర్నాడు పేపర్లో యేముందో దాన్నే పుస్తకంలో ఎక్కిచ్చినా. 'పైలట్ పొరపాటు.' రెండే మాటలు. నంద్యాల నా సొంతూరు గదమ్మీ, ఈన్నుంచి బండి ఆత్మకూరుకు బస్సెక్కితే గంట పట్టదు. యాడో ఫ్రాన్సులో పడిందానికి పది జాబులు రాసినోన్ని, ఈడ పడిందానికి ఒక్కర్ని గూడా అడగల్యా. మనూరి సంగతి, నాకు తెలీందేముంది అనుకున్యా.

రెండేండ్లకు ఆ టీచరమ్మ కాన్నుంచి కార్డొచ్చె. తిట్లు లేవు. 'అయ్యా, నా కొడుకు పొరపాటు చేసినాడని మీకెవరు చెప్పినారు?' అంతే. నాకు కోపమొచ్చె. నన్నడిగేదానికి ఈమెవరని కార్డు సొరుగులో యేసినా. యేసినా గానీ మనసు ఊరుకోల్యా. రంజానుకు ఊరికొచ్చినప్పుడు ఆ విమానం చూసుకునే మెకానిక్కును యెదుక్కుంటా పోతి. ఆయప్ప ఈడనే మోటర్లు బాగు చేసుకుంటాండె. 'తోక తిప్పే తీగ తెగిందన్నా. పాతబడింది, మార్చండని నేనే చెప్పింటి. విచారణోళ్లు గూడా అదే రాసుకోని పోయిరి గదా' అనె. ఆ విచారణ కాగితం తెప్పిచ్చి చూస్తే అక్షరాలా అదే. తల కొట్టేసినట్లాయె నాకు.

కొత్త పుస్తకంలో మార్చినాంలే. పాతవాటికేం జెయ్యాల? మా ఓనరు 'ఒక్క లైనును యెవరు చూస్తారు' అనె. చూసినామె ఉండాదిగదా. 'తీగ తెగి పడింది, పైలట్ తప్పు లేదు' అని చీటీలు అచ్చేపిచ్చినా. మా నాయన పుస్తకాలకు అట్టలేసేటోడు, ఆయన మాదిరి మైదాపిండి బంక ఉడికిచ్చుకోని, లైబ్రరీలెంబడి తిరిగి ఆ లైను మీద అతికిచ్చినా. దూరమూర్లకు పోస్టులో పంపిచ్చినా.

ఆఖర్న ఆళ్లగడ్డ లైబ్రరీకి పోతి. పుస్తకం లేదు. టీచరమ్మ తీసుకపోయింది అనె ఆడుండే ఆయప్ప. ఇట్లాంటివి ఇంటికియ్యగూడదు గదా అంటి. ఆయప్ప రిజిస్టరు తిప్పి నా ముందర పెట్టె. పదైదు దినాలకొకసారి ఆమె పేరే. తెచ్చేది, మళ్లా రాపిచ్చుకోని తీసుకపోయేది. మూడేండ్లు. 'ఇంకొకరు ఆ లైను చదవగూడదని సార్. నేను వద్దనలేకపోయినా' అనె.

ఆమింటికి పోతి. నేనెవరో చెప్తి. తిడ్తాదనుకున్యా, నీళ్లిచ్చె. చీటీ చదివి, కండ్లద్దాలు తుడుచుకోని మళ్లా చదివె. ఆ లైను మీద బంక పూస్తి. పుస్తకం కదలకుండా ఆమే పట్టుకునె. 'తప్పయింది తల్లీ' అంటి. బంక ఆరేదాంక ఇద్దరం ఆడనే కూచుంటిమి. ఆరినాక పుస్తకం సంకలో పెట్టుకోని లేసె.

'పదండి, లైబ్రరీ మూసేలోపల ఇచ్చొద్దాం. ఇంక యెవురన్నా చదువుకోనీ' అనె.

నువ్వు గూడా పేపర్లో చేరుతాండావు గదమ్మీ. నీ చేత్తో రాసిందానికి యే తల్లీ ఏడ్వకుండాల. సల్లగుండు.