చాందిని కనిపించింది

హోసూరులో తళి రోడ్డు పక్కన టీ అంగడి. ఎదురుగా పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. దాన్ని తోలుకొచ్చిన బసవమ్మ, ఆమెను ఆపిన తిలక్.

"ఏందమ్మా, డిక్కీలో నుంచి ఆ వాసన?"

"రోజాలు. మా తోటవి. మార్కెట్టుకు ఎత్తుకొని పోతా ఉండాను."

"ఈ బండిలోనా! ఇది రేసు బండమ్మా, లోడు బండి కాదు."

"డిక్కీ ఉంది కదా. ఈ బండికి అది ముందర ఉంది, అంతే కదా. నువ్వు ఎవరప్పా?"

"తిలక్. మీ అమ్మాయి చాందిని స్నేహితుణ్ణి. హోసూరు, కృష్ణగిరిలో ఇట్లాంటి బండ్లు ఉండేవాళ్ళమంతా ఒక గ్రూపు. ఆమె పోయినప్పుడు మీ ఇంటికి వచ్చినాను."

"వచ్చి ఉంటావు. ఆ దినం నేను ఎవరి మొగమూ చూడలేదు."

"మూడు నెలలైంది కదమ్మా..."

"నెలలు నాకు చెప్పద్దు. వచ్చిన పని చెప్పు."

"కృష్ణగిరిలో మా గ్రూపు మీటింగు ఉంది. ఈ బండిని తుడిచి, ముందర నిలబెట్టి, చాందిని ఫోటో పెట్టి, ఒక దండ..."

"పూలు పండించేదాన్ని నేను. బండికి దండ ఆయుధపూజకు వేస్తాను. ఆ దినం రా, బొరుగులు పెడతాను."

"అది కాదమ్మా, ఆమె జ్ఞాపకంగా..."

"నిలబెడితే బ్యాటరీ చస్తుంది. చెప్పింది నా బిడ్డే. 'అమ్మా, వారానికి రెండు తూర్లు తోలాల' అనింది. ట్రాక్టరు తోలే నాకు పక్కన కూర్చొని ఇది నేర్పించింది."

"వారానికి రెండు తూర్లా? మీరు దినామూ తోలతా ఉండారు."

"నీకెట్ల తెలుసు?"

"అదే చెప్పాలని... కొన్నాళ్ళు ఈ బండి బయటికి తీయకుండా ఉంటే బాగుంటుందమ్మా."

"మా ఆయన చెప్పి పంపినాడా?"

"లేదమ్మా, ఆయనతో నేను మాట్లాడనే..."

"'ఆ బండి నా కండ్లకు కనపడకూడదు, అమ్మేయి' అన్నాడు. ఇంట్లో బిడ్డ పేరు ఎత్తకూడదంట. నేను బండి తీసినప్పటి నుంచి నాతో మాట లేదు. అన్నం పెడితే తింటాడు, మోపెడ్డు ఎక్కి పోతాడు. బిడ్డ పోయింది జ్వరంతో. బండి ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు."

"ఊర్లో కూడా అంటా ఉండారు. బిడ్డ పోతే ఈయమ్మ షోకు చేస్తా ఉంది అని. అననీ. హారను కొట్టుకొని పోతాను."

"మా వాళ్ళ బాధ వేరేమ్మా. మా గ్రూపులో ఒక అలవాటు ఉంది. రోడ్డులో ఎవరి బండి కనపడినా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాము. బండి పేరు రాయము. ఓనరు పేరు రాస్తాము. 'యతీశ్ కనిపించినాడు, బాగలూరు రోడ్డు.' అట్ల."

"సరే?"

"మీరు బండి తీసిన ప్రతి దినమూ 'చాందిని కనిపించింది' అని వస్తా ఉంది. యతీశ్ అది చూసి ఒక దినం ఆఫీసులోనే ఏడ్చేసినాడు."

"ఎవరు పెట్టేది?"

"ఎవరో కొత్తాయన. గ్రూపులో చేరాలంటే సొంత బండి ఫోటో పంపాల. ఇట్లాంటి బండి ఫోటోనే పంపినాడు, నెంబరు కనపడకుండా. ఊర్లో ఇంకొకటి దిగిందేమో అని సంతోషపడి చేర్చుకున్నాము. పేరు అడిగితే చెప్పడు. వద్దని రాసినా వినడు."

"తీసేయొచ్చు కదా."

"మనసు రాలేదమ్మా. రాసేది చూస్తే... ఇదో, ఫోనులో చూడండి. 'చాందిని కనిపించింది. తళి రోడ్డు. ఈ దినం గేరు బాగా మార్చింది.' ఇంక ఇది నిన్నటిది: 'చాందిని కనిపించింది. వాన. నిదానంగా పోతా ఉంది. మంచిది.'"

"ఆ ఫోటో పెద్దది చెయ్యి."

"బండి దూరంగా ఉందమ్మా, సరిగా పడలేదు."

"బండి కాదు. కింద, ఆ మూల."

"ఇదా? ఏదో మోపెడ్డు అద్దం. దానికి గుడ్డ కట్టుంది."

"గుడ్డ కాదు. నా పాత చీర అంచు. అద్దం ఊగుతా ఉందని నేనే కట్టినాను."

"అమ్మా... అంటే ఆయన..."

"కండ్లకు కనపడకూడదన్నాడు కదా. దినామూ నా వెనకాలే వస్తా ఉండాడు."

"మాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

"నాకు మాత్రం తెలుసా? ఆయన్ను గ్రూపులో నుంచి తీయద్దు."

"తీయము."

"దండ వద్దు. మీటింగు వద్దు."

"సరేమ్మా."

"నేను చెప్పేది ఆ గ్రూపులో రాస్తావా?"

"చెప్పండి, రాస్తాను."

"'చాందిని రేపు కూడా కనిపిస్తుంది. పక్క సీటు ఖాళీ. మోపెడ్డు ఇంట్లో పెట్టి రావాల' అని రాయి."